‘నేను’కు రెండో వైపు: గిరీంద్రశేఖర్ బోస్ జీవితం

సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నాలో మనసు నిర్మాణాన్ని గురించిన తన సిద్ధాంతాన్ని తిరగరాస్తున్న కాలంలోనే, కలకత్తాలో ఒక బెంగాలీ వైద్యుడు అదే సమస్యను మరో కోణం నుంచి పరిశీలిస్తున్నారు. ఆయన ఏనాడూ ఫ్రాయిడ్‌ను చూడలేదు. ఐరోపాలో ఏ గురువు దగ్గరా శిక్షణ పొందలేదు. అయినా 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, తుదిశ్వాస విడిచేవరకూ దానికి అధ్యక్షులుగా కొనసాగారు. ఆయనే గిరీంద్రశేఖర్ బోస్. మనిషి ‘నేను’ అని దేన్ని అంటాడు, ఆ ‘నేను’ ఎలా ఏర్పడుతుంది, అది దెబ్బతిన్నప్పుడు చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలి అన్న ప్రశ్నలకు మానసిక చికిత్సా సంప్రదాయాలు ఒకే సమాధానం ఇవ్వలేదు. ఆ సమాధానాల వరుసలో భారతదేశం నుంచి వినిపించిన తొలి స్వతంత్ర స్వరం బోస్‌ది.

దర్భంగా నుంచి కలకత్తాకు

గిరీంద్రశేఖర్ 1887 జనవరి 30న జన్మించారు. తండ్రి చంద్రశేఖర్ బోస్ దర్భంగా సంస్థానంలో దివాన్‌గా పనిచేశారు. తొమ్మిదిమంది సంతానంలో గిరీంద్రశేఖర్ కడపటివారు. అన్న రాజశేఖర్ బోస్ ‘పరశురామ్’ అనే కలంపేరుతో హాస్యకథకుడిగా, ‘చలంతిక’ నిఘంటుకర్తగా బెంగాలీ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచారు. రసాయన శాస్త్రజ్ఞుడైన ఆయన బెంగాల్ కెమికల్స్ సంస్థను నడిపించినవారిలో ముఖ్యులు. శాస్త్రం పట్ల నిష్ఠ, మాట పట్ల మమకారం ఆ ఇంట్లో కలిసే పెరిగాయి. తమ్ముడి జీవితంలోనూ ఈ రెండూ చివరిదాకా విడిపోలేదు.

కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన తర్వాత గిరీంద్రశేఖర్ మెడికల్ కాలేజీలో చేరి 1910లో వైద్యపట్టా అందుకున్నారు. చిన్ననాటి నుంచి ఇంద్రజాలం, హిప్నాటిజం, యోగం ఆయనకు ఆసక్తికరమైన విషయాలు. వైద్యవృత్తి ప్రారంభించిన తొలిరోజుల్లోనే మానసిక వ్యాధులతో వచ్చేవారికి హిప్నాటిజంతో చికిత్స చేయడానికి ప్రయత్నించారు. ఫ్రాయిడ్ రచనలకు ఆంగ్లానువాదాలు అప్పుడప్పుడే వెలువడుతున్నాయి. అవి కలకత్తాకు చేరడమూ అరుదే. దొరికిన కొద్దిపాటి సమాచారాన్ని రోగుల మాటలతో సరిపోల్చుకుంటూ ఆయన తనదైన పద్ధతిని రూపొందించుకున్నారు.

కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన బోధన ప్రారంభమైంది. నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆ శాఖకు సారథి. అప్పటికే వైద్యుడిగా పేరు తెచ్చుకున్న బోస్ మళ్లీ విద్యార్థిగా చేరి 1917లో ఎమ్మెస్సీ పూర్తిచేశారు. ఆ వెంటనే అక్కడే అధ్యాపకులయ్యారు. 1921లో ‘కాన్సెప్ట్ ఆఫ్ రిప్రెషన్’ అనే సిద్ధాంత గ్రంథానికి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పొందారు. మనోవిజ్ఞానంలో ఒక భారతీయ విశ్వవిద్యాలయం ఇచ్చిన తొలి డాక్టరేట్‌గా దాన్ని పేర్కొంటారు.

అణచేది ఎవరు?

ఆ గ్రంథానికి అణచివేతే విషయం. మనిషిలో తలెత్తే కొన్ని కోరికలు స్పృహలోకి రాకుండానే ఎందుకు అణగిపోతాయి? ఫ్రాయిడ్ దృష్టిలో అణచేది ఒక శక్తి, అణగేది మరొకటి. సమాజం, నీతి, తల్లిదండ్రుల నిషేధం లోపలికి చేరి కోరికకు అడ్డుగోడగా నిలుస్తాయి. బోస్ ఈ చిత్రాన్ని మార్చారు. కోరికను అణచడానికి బయటినుంచి కాపలాదారు రానవసరం లేదని, ప్రతి కోరికా తన వ్యతిరేక కోరికతో జంటగానే పుడుతుందని ఆయన ప్రతిపాదించారు. కొట్టాలన్న కోరిక వెనుక కొట్టించుకోవాలన్న కోరిక ఉంటుంది. ప్రేమించాలన్న కోరికకు ప్రేమ అందుకోవాలన్న కోరిక జోడు. జంటలో ఒకటి స్పృహలో ఉంటే రెండోది అచేతనంలో ఉంటుంది. అణచివేత అంటే ఈ రెండింటి మధ్య పెనుగులాటే.

ఇంట్లో చిన్నపిల్లల ఆటను గమనించినవారికి ఈ ఆలోచన కష్టమనిపించదు. అమ్మ చేత చీవాట్లు తిన్న పాప కాసేపటికి బొమ్మను ఒళ్లో పెట్టుకుని అవే చీవాట్లు పెడుతుంది. అన్నం తినిపించుకున్న పిల్లవాడు ముద్ద కలిపి అమ్మ నోట్లో పెట్టబోతాడు. తనకు జరిగినదాన్ని తాను చేయాలని, తాను చేసినదాన్ని తనకు జరిపించుకోవాలని మనసు కోరుతుంది. బోస్ సిద్ధాంతం ప్రకారం ‘నేను’ ఏర్పడేది ఈ స్థానమార్పిడిలోనే. ఎదుటివాడి స్థానంలో తనను నిలుపుకోగల శక్తి వల్లనే మనిషికి ఇతరుల బాధ అర్థమవుతుంది. సానుభూతి, ప్రతీకారం, పశ్చాత్తాపం, అంతరాత్మ ప్రబోధం అన్నింటి మూలమూ అక్కడే ఉందని ఆయన భావించారు.

చికిత్సాపద్ధతి కూడా దీన్ని అనుసరించే సాగింది. రోగి తనకు తోచిన మాటలు చెప్పుకుంటూ పోతుంటే వింటూ కూర్చోవడంతో బోస్ సరిపెట్టుకోలేదు. రోగిని ఒక ఊహలో నిలిపి, తర్వాత దానికి వ్యతిరేకమైన పాత్రలో తనను ఊహించుకోమనేవారు. తండ్రిపై కోపంతో రగిలే కొడుకు ఊహలో తండ్రి స్థానంలోకి వెళ్లి తనవైపు చూసుకోవాలి. ఒక కొన పైకి లేస్తే రెండో కొన కిందికి దిగే పిల్లల ఆటబల్లలా కోరికలు రెండూ వంతులవారీగా స్పృహలోకి వస్తాయి. అలా వచ్చినప్పుడు వాటి మధ్య పెనుగులాట సడలుతుందన్నది ఆయన అనుభవం. వియన్నాలో రోగులు సోఫాపై పడుకునేవారు. కలకత్తాలో బోస్ రోగులను పడక కుర్చీలో కూర్చోబెట్టేవారు.

పార్సీబగాన్ వీధిలో

తన గ్రంథం ప్రతిని బోస్ ఫ్రాయిడ్‌కు పంపారు. అంత దూరదేశంలో మనోవిశ్లేషణపై ఇంత లోతైన కృషి జరుగుతుండటం ఫ్రాయిడ్‌ను ఆశ్చర్యపరిచింది. 1921లో మొదలైన వారి లేఖా పరిచయం 1937 దాకా కొనసాగింది.

1922లో కలకత్తాలోని 14, పార్సీబగాన్ వీధిలో బోస్ స్వగృహమే భారతీయ మనోవిశ్లేషణ సంఘానికి నిలయమైంది. ఆరంభంలో సభ్యులు పదిహేనుమంది. వారిలో అధికులు కళాశాలల్లో మనోవిజ్ఞానం, తత్వశాస్త్రం బోధించేవారు. మిగిలినవారిలో సైనిక వైద్యసేవకు చెందిన ఇద్దరు బ్రిటిష్ అధికారులూ ఉన్నారు. ఆ ఏడాదే సంఘానికి అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం గుర్తింపు లభించింది.

ఆ ఇద్దరు బ్రిటిష్ సభ్యుల రచనలు ఆ గదిలోని సున్నితమైన పరిస్థితిని వెల్లడిస్తాయి. రాంచీలో యూరోపియన్ల మానసిక వైద్యశాలకు అధిపతిగా ఉన్న ఓవెన్ బర్క్‌లీ హిల్ 1921లో ప్రచురించిన వ్యాసంలో హిందువుల మతాన్ని, తత్వాన్ని, స్వభావాన్ని శైశవదశలో నిలిచిపోయిన మనస్తత్వానికి లక్షణాలుగా చిత్రించారు. క్లాడ్ డాలీ విప్లవోద్యమాన్నే మానసిక అపరిపక్వతగా వ్యాఖ్యానించారు. పరిణతి చెందిన అహం పాలకులది, పరిణతి లేనిది పాలితులది అన్న తీర్పు ఆ శాస్త్రీయ భాష వెనుక దాగి ఉంది. ఒక జాతి ‘నేను’ను మరో జాతి కొలిచే ఈ కొలబద్ద బోస్ ఎదుట నిత్యం ఉండేది. వారితో బహిరంగ వాదానికి దిగడం కన్నా తన రోగుల అనుభవం నుంచి ప్రత్యామ్నాయ సిద్ధాంతాన్ని నిర్మించడానికే ఆయన ప్రాధాన్యమిచ్చారు.

మాట తెచ్చిన చిక్కు

ఇక్కడ ఒక మాట చరిత్ర చెప్పుకోవాలి. నేటి తెలుగులో ‘ఇగో’ అంటే పొగరు, పట్టింపు. ఫలానావారికి ఇగో ఎక్కువ అన్నా, ఇగో దెబ్బతింది అన్నా మనం సూచించేది గర్వాన్నే. మనోవిశ్లేషణలో ఆ పదానికి ఈ అర్థం లేదు. ఫ్రాయిడ్ 1923లో ప్రచురించిన గ్రంథంలో వాడినది ‘ఇష్’ అనే జర్మన్ సర్వనామం. దాని అర్థం ‘నేను’. దానికి తోడుగా నిలిపిన ‘ఎస్’ అంటే ‘అది’. బడిపిల్లలకు కూడా తెలిసిన మాటలివి. 1927లో వెలువడిన ఆంగ్లానువాదంలో వీటికి బదులు ఇగో, ఇడ్ అనే లాటిన్ పదాలు స్థిరపడ్డాయి. ఇంటిభాషలోని ‘నేను’ వైద్యశాల పరిభాషగా మారిపోయింది.

మన పాఠ్యపుస్తకాల్లో ఇగోకు ‘అహం’, ఇడ్‌కు ‘అచిత్తు’, సూపర్ ఇగోకు ‘అధ్యహం’ అనే పదాలు కనిపిస్తాయి. సంస్కృతంలో ‘అహం’ అంటే అచ్చంగా ‘నేను’ అనే అర్థం కనుక ఆ అనువాదం ఫ్రాయిడ్ ఉద్దేశానికి ఇంగ్లిష్ కన్నా దగ్గరిదే. అయితే వాడుకలో ‘అహం’ కూడా గర్వానికి పర్యాయపదమైపోయింది. సాంఖ్యదర్శనంలోని ‘అహంకారం’ గతీ అంతే. అక్కడ అది ‘నేను, నాది’ అన్న భావనను కలిగించే తత్త్వం. వాడుకలో మిగిలినది మాత్రం అహంభావం. అందువల్ల మానసిక చికిత్సలో అహాన్ని బలపరచడం అనే మాట వినగానే తెలుగు పాఠకుడికి అనుమానం కలగడం సహజం. బలపడవలసింది పొగరు కాదు. వాస్తవాన్ని తట్టుకుని నిలబడే సామర్థ్యమే.

బోస్‌కు ఈ చిక్కు బాగా తెలుసు. ఆంగ్లంలో శాస్త్ర వ్యాసాలు రాస్తూనే బెంగాలీలో మనోవిజ్ఞాన పరిభాషను నిర్మించడానికి ఆయన శ్రమించారు. అచేతనాన్ని ‘నిర్జ్ఞాన’మని, మనోవిశ్లేషణను ‘మనఃసమీక్షణ’మని బెంగాలీలు పిలుచుకోవడం ఆ కృషి ఫలితమే. ‘స్వప్న’ అనే పుస్తకంలో కలల శాస్త్రాన్ని సామాన్య పాఠకులకు అందించారు. పురాణాల కాలగణనపై ‘పురాణ ప్రవేశ్’ రాశారు. భగవద్గీతకు మనోవిజ్ఞాన దృష్టితో వ్యాఖ్యానం చేశారు. పిల్లలకోసం ఎర్రచీమలు, నల్లచీమల కథగా ‘లాల్ కాలో’ రచించారు.

ఫ్రాయిడ్‌తో స్నేహం, విభేదం

దూరాన ఉన్న ఇద్దరు మనో వైద్యులు ఒకరినొకరు ఊహించుకున్న తీరు కూడా ఆసక్తికరమే. ఫ్రాయిడ్ ఎలా ఉంటారో ఊహించి చిత్రించమని బోస్ తన మిత్రుడు, చిత్రకారుడు యతీంద్రకుమార్ సేన్‌ను కోరి, ఆ చిత్రాన్ని వియన్నాకు పంపారు. అసలు మనిషి కన్నా చిత్రం చాలా అందంగా ఉందని ఫ్రాయిడ్ చమత్కరించారు. 1931లో ఫ్రాయిడ్‌కు 75 ఏళ్లు నిండిన సందర్భంగా భారతీయ సంఘం దంతపు విష్ణుమూర్తిని కానుకగా పంపింది. ఆయన దాన్ని తన రాతబల్లపై ఉంచుకున్నారు. 1938లో నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరినప్పుడు ఆయన సేకరణతోపాటు అదీ అక్కడికి చేరింది. నేడు లండన్‌లోని ఫ్రాయిడ్ మ్యూజియంలో ఉంది.

ఈ మర్యాదల మాటున గట్టి సిద్ధాంతచర్చ నడిచింది. ఫ్రాయిడ్ సిద్ధాంతంలో కొడుకు తల్లిపై మమకారంతో తండ్రిని పోటీదారుగా చూస్తాడు. తండ్రి శిక్షిస్తాడన్న భయం, అంటే అంగచ్ఛేద భయం, అతన్ని వెనక్కి తగ్గేలా చేస్తుంది. తండ్రి నిషేధం లోపలికి చేరి అధ్యహంగా స్థిరపడుతుంది. ఆ అధ్యహానికి, వాంఛల నిలయమైన అచిత్తుకు, బయటి ప్రపంచానికి మధ్య రాజీ కుదిర్చే మధ్యవర్తి అహం. ముగ్గురు యజమానులను ఒకేసారి మెప్పించాల్సిన సేవకుడి పరిస్థితి దానిది.

1929లో బోస్ ఫ్రాయిడ్‌కు రాసిన లేఖలో భిన్నమైన పరిశీలనలు ఉన్నాయి. ఐరోపా రోగుల్లో కనిపించినంత తీవ్రంగా ఆ భయం భారతీయ రోగుల్లో కనిపించడం లేదని ఆయన తెలిపారు. పురుష రోగుల్లో స్త్రీగా ఉండాలన్న కోరిక ఇక్కడ సులభంగా వెలికి వస్తోందన్నారు. పిల్లవాడి మనసులోని తల్లి రూపం తరచుగా తల్లీతండ్రీ కలిసిన రూపమని గుర్తించారు. అసలు పెనుగులాట పురుషుడిగా ఉండాలన్న కోరికకు, స్త్రీగా ఉండాలన్న కోరికకు మధ్య జరుగుతుందని ప్రతిపాదించారు. దాని పరిష్కారం తండ్రి భయానికి లొంగడంలో లేదని, లోపలి తండ్రిని జయించగలగడంలో ఉందని వాదించారు. ఫ్రాయిడ్ మధ్యవర్తిత్వం చూసినచోట బోస్ స్థానాల మార్పిడిని చూశారు. ఫ్రాయిడ్ సిద్ధాంతంలో మనిషి లొంగి ఎదుగుతాడు. బోస్ సిద్ధాంతంలో రెండు స్థానాలనూ అనుభవించి ఎదుగుతాడు.

ఫ్రాయిడ్ ఈ వాదనను తోసిపుచ్చలేదు, స్వీకరించనూ లేదు. ఇరుదేశాల రోగుల మధ్య తేడా తనను ఆకట్టుకుందని, వ్యతిరేక కోరికల విషయం తొందరపడి తేల్చేది కాదని సమాధానమిచ్చారు. ఆ సిద్ధాంతం మనసులోని బలాల కదలిక కన్నా పైరూపానికే ఎక్కువ ప్రాధాన్యమిస్తోందన్న సందేహాన్నీ వెలిబుచ్చారు. తర్వాతి కాలంలో మాత్రం కోరికల జంటస్వభావాన్ని తామంతా తగినంత పట్టించుకోలేదని అంగీకరించారు. బోస్ తన స్థానాన్ని మార్చుకోలేదు. ఫ్రాయిడ్ ఉద్యమం నుంచి బయటికీ వెళ్లలేదు. గురువును పూజించడం, లేదా ధిక్కరించి వేరుకుంపటి పెట్టడం అన్న రెండు దారులే కనిపించే ఆ ఉద్యమంలో ఇది అరుదైన వైఖరి.

ఒకే అహం, అనేక దర్శనాలు

బోస్ జీవించి ఉన్న కాలంలోనే మనోవిశ్లేషణ ఎన్నో శాఖలుగా చీలింది. ప్రతి శాఖ చీలికకూ ‘నేను’ అంటే ఏమిటన్న ప్రశ్న కేంద్రమైంది.

ఫ్రాయిడ్ కుమార్తె అనా ఫ్రాయిడ్ 1936లో ప్రచురించిన గ్రంథంలో అహం తనను కాపాడుకోవడానికి వాడే రక్షణ మార్గాలను వర్గీకరించారు. భరించలేని నిజాన్ని కాదనడం, తనలోని దోషాన్ని ఇతరులకు అంటగట్టడం, దాడిచేసేవాడినే అనుకరించడం వంటివి అందులో ఉన్నాయి. 1939లో హైంజ్ హార్ట్‌మన్ మరో అడుగు ముందుకు వేశారు. అహం ఎప్పుడూ సంఘర్షణలోనే పుట్టదని, చూడటం, నేర్చుకోవడం, ఆలోచించడం వంటి శక్తులు దానికి స్వతహాగా ఉంటాయని, పరిసరాలకు అనుగుణంగా జీవించడం దాని పని అని ఆయన వివరించారు. అమెరికాలో దశాబ్దాలపాటు ఏలిన ‘ఇగో సైకాలజీ’కి ఇవే పునాదులు. అక్కడ చికిత్స లక్ష్యం అహాన్ని దృఢపరచడం.

కార్ల్ యూంగ్ మార్గం వేరు. అహం స్పృహకు కేంద్రమే కాని, మొత్తం మనసుకు కేంద్రం కాదని ఆయన అభిప్రాయం. దానికన్నా విశాలమైన ‘సెల్ఫ్’ వైపు పయనించడమే జీవిత సాఫల్యమని ఆయన భావించారు. భారతీయ సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవానికి యూంగ్ 1938 జనవరి నాటికి కలకత్తా వచ్చారు. ఆత్మవిచారానికి పేరుపడ్డ ఈ దేశంలో ఫ్రాయిడ్ కన్నా యూంగే చదువరులను సులభంగా ఆకర్షించారు. బోస్ మాత్రం గీత, యోగసూత్రాలు క్షుణ్ణంగా చదివినా ఆ దారి పట్టలేదు. అంతర్ముఖ పరిశీలన భారతీయులకు వారసత్వంగా వచ్చిన బలమని చెబుతూనే, చికిత్సలో రోగి కోరికల వాస్తవాన్ని విడిచిపెట్టలేదు.

లండన్‌లో మెలనీ క్లైన్ అహం పుట్టుకనుంచే ఉంటుందని, శిశువు లోకాన్ని మంచి, చెడు అని రెండుగా చీల్చి చూస్తుందని వాదించారు. ఆ రెండూ ఒకే తల్లిలో ఉన్నాయని గ్రహించడమే ఎదుగుదల. పారిస్‌లో జాక్ లకాన్ అందరికన్నా కఠినమైన మాట చెప్పారు. పసివాడు అద్దంలో చూసుకున్న నిండురూపాన్నే తానని పొరబడతాడని, అహం ఆ పొరబాటు మీదనే నిలుస్తుందని ఆయన సిద్ధాంతం. కాబట్టి అహాన్ని బలపరచే చికిత్సను ఆయన తీవ్రంగా వ్యతిరేకించారు.

ఈ దర్శనాల పక్కన బోస్‌ను నిలిపితే ఆయన ప్రత్యేకత స్పష్టమవుతుంది. అహం కోట కాదు, దాన్ని బలపరిస్తే చాలదు. అది భ్రమ కాదు, దాన్ని కూల్చవలసిన పనీ లేదు. అది ఒక వైపు మాత్రమే చూస్తూ బిగుసుకుపోతే జబ్బు, రెండో వైపు కూడా చూడగలిగితే ఆరోగ్యం. క్లైన్ చెప్పిన చీలికకు, బోస్ చెప్పిన వ్యతిరేక కోరికలకు కొంత పోలిక ఉన్నా, ఆయన దృష్టి మంచిచెడుల మీద కన్నా చేసేవాడు, పొందేవాడు అనే స్థానాల మీద నిలిచింది.

మూడు మంచాల ఆసుపత్రి

సిద్ధాంతం పుస్తకాలకే పరిమితం కాకూడదన్నది బోస్ పట్టుదల. అప్పటి దేశంలో మానసిక రోగులకు 1912 నాటి ఉన్మాద చట్టం కింద నడిచే నిర్బంధ ఆశ్రయాలే ప్రధాన గతి. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయంతో కుటుంబాలు రోగులను ఇంట్లోనే దాచేవి. 1933 మే 1న కార్మైకేల్ మెడికల్ కాలేజీలో బోస్ మానసిక రోగులకు ఔట్ పేషెంట్ విభాగాన్ని ప్రారంభించారు. నేటి ఆర్.జి. కర్ వైద్య కళాశాల అదే. సాధారణ ఆసుపత్రిలో జ్వరానికి, దగ్గుకు వచ్చే రోగుల సరసనే మానసిక రోగికీ చోటు దొరకడం దేశంలో అదే మొదలని చెబుతారు.

1940 ఫిబ్రవరిలో కలకత్తా తిల్జలా ప్రాంతంలో లుంబినీ పార్క్ మానసిక వైద్యశాల తలుపులు తెరిచింది. అందుకు స్థలాన్ని అన్న రాజశేఖర్ సమకూర్చారు. ఆరంభంలో అక్కడ ఉన్నవి మూడు మంచాలు. బుద్ధుడి జన్మస్థలం పేరు పెట్టిన ఆ చోట నిర్బంధానికి బదులు సంభాషణకు ప్రాధాన్యమివ్వాలని బోస్, ఆయన సహచరులు సంకల్పించారు. 1942లో మాట కోల్పోయే స్థితికి చేరిన కవి కాజీ నజ్రుల్ ఇస్లాంను కూడా కొన్ని నెలలు అక్కడే ఉంచి చికిత్స చేశారు. ఆయన మళ్లీ మామూలు మనిషి కాలేదు. మనోవిశ్లేషణ చేతికి అందని వ్యాధులు ఉన్నాయన్న వాస్తవం ఆ ఆసుపత్రి రోజూ గుర్తుచేసేది.

విశ్వవిద్యాలయంలో బోస్ 1929 నుంచి రెండు దశాబ్దాలపాటు మనోవిజ్ఞాన శాఖకు అధిపతిగా ఉన్నారు. 1947లో సంఘం తరఫున ‘సమీక్ష’ అనే ఆంగ్ల పత్రిక వెలువడింది. 1949లో చిన్నపిల్లలకోసం ‘బోధాయన’ పాఠశాల మొదలైంది. 1953 జూన్ 3న గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో కన్నుమూశారు.

పరిమితులు, వారసత్వం

బోస్ కృషిని అంచనా వేసేటప్పుడు దాని హద్దులనూ చెప్పాలి. ఆయన రోగుల్లో అధికులు కలకత్తాకు చెందిన చదువుకున్న మధ్యతరగతి బెంగాలీ పురుషులు. వారి కలలను చూసి భారతీయ మనసు ఇలా ఉంటుందని చెప్పడం, వియన్నా రోగులను చూసి మానవజాతి మనసు ఇలా ఉంటుందని చెప్పడం వంటిదే. రైతుకూలీ, దళిత స్త్రీ, కొండప్రాంతపు గిరిజనుడు ‘నేను’ అన్నప్పుడు ఆ మాటలో ఏం ఉందో ఆయన వినే అవకాశం తక్కువ. రోగికి ఏం ఊహించుకోవాలో వైద్యుడే సూచించే పద్ధతిలో గురుశిష్య సంబంధపు ఛాయలున్నాయన్న విమర్శ కూడా ఉంది. ఆయన తర్వాత సంఘం నిలిచినా, వ్యతిరేక కోరికల సిద్ధాంతాన్ని ముందుకు తీసుకెళ్లినవారు పెద్దగా కనిపించరు. లండన్‌లో శిక్షణ, లండన్ పాఠాలు క్రమంగా ప్రామాణికమయ్యాయి.

మళ్లీ ఆయన పేరు చర్చలోకి వచ్చింది 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో. సుధీర్ కక్కడ్, ఆశిష్ నంది వంటి పండితులు బోస్ లేఖలను, వ్యాసాలను మళ్లీ చదివారు. భారతీయ కుటుంబంలో ‘నేను’ ఎప్పుడూ ఒంటరిగా ఉండదని, తల్లి, తోబుట్టువులు, పెద్దలతో కూడిన వలలో అది రూపుదిద్దుకుంటుందని కక్కడ్ చూపారు. పరాయి పాలనలో ఒక విజ్ఞానశాస్త్రాన్ని స్వీకరిస్తూనే దాని తీర్పుకు తలవంచని తీరును నంది బోస్‌లో గుర్తించారు.

దేశంలో మానసిక ఆరోగ్య సేవలకు 2017 నాటి చట్టం హక్కుల పునాది కల్పించింది. సలహాకేంద్రాలు పెరిగాయి. వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ వ్యక్తిని ఒంటరిగా తీసుకుని అతని ఆత్మవిశ్వాసాన్ని, హద్దులను, స్వంత నిర్ణయాన్ని బలపరచే పద్ధతులనే అనుసరిస్తున్నాయి. ఉమ్మడి కుటుంబం, కులం, అత్తింటి మర్యాదల మధ్య నలిగే మనిషికి ఆ బలం అవసరమే. దానితోపాటు తనను నొప్పించినవారి స్థానాన్నీ, తాను నొప్పించినవారి స్థానాన్నీ చూడగలిగే శక్తి కూడా చికిత్సలో భాగమేనని, అది లేని ‘నేను’ సగమేనని పార్సీబగాన్ వైద్యుడు నూరేళ్ల క్రితమే ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన సరైనదో కాదో ఇక్కడి రోగుల అనుభవంతో, ఇక్కడి భాషల్లో పరీక్షించే పని నేటి మానసిక వైద్యులకు మిగిలే ఉంది.